అంబాసిడర్ మోడల్‌కి హెడ్‌లైట్లు వెలగాలంటే: ఏ పద్ధతి ఎవరికి?

నా మొదటి లైట్ల కారు తెల్ల అంబాసిడర్, 1:24 స్కేలు (అసలు బండి పొడవులో ఇరవై నాలుగో వంతు) ప్లాస్టిక్ మోడల్. హెడ్‌లైట్ల వెనక రెండు 5 మి.మీ. ఎల్‌ఈడీలు కుక్కి, బ్యాటరీ తగిలించి, గదిలో ట్యూబ్‌లైటు ఆపేసి స్విచ్ నొక్కాను. హెడ్‌లైట్లు వెలిగాయి. వాటితో పాటు బానెట్టూ వెలిగింది, మడ్‌గార్డులూ వెలిగాయి, డాష్‌బోర్డు కింద నుంచి వెలుతురు సీట్ల మీద పడింది. పక్కనున్న మేనల్లుడు కాసేపు చూసి, "మామయ్యా, ఇది కారా, బెడ్‌లైటా?" అన్నాడు.

ఆ తర్వాత చాలా బళ్లకి లైట్లు పెట్టాను. కొన్ని బాగా వచ్చాయి, కొన్ని ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి. చెడినవాటిలో దాదాపు అన్నిటికీ కారణం ఒకటే: ముందు బల్బు కొన్నాను, బ్యాటరీ ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచించాను. వరస తిరగేయాలి. బ్యాటరీకి చోటు చూసుకుని, వైరు ఎటు నుంచి పోతుందో చూసుకుని, అప్పుడు బల్బు దగ్గరికి రావాలి. అలా చూస్తే సగం ఎంపికలు వాటంతట అవే తప్పుకుంటాయి.

## ముందు స్కేలుతో కొలవండి

అంబాసిడర్ హెడ్‌లైటు గుండ్రంగా, ఏడు అంగుళాల వ్యాసంతో ఉంటుంది. జీపుదీ అదే సైజు. అంటే సుమారు 178 మి.మీ. బండి పొడవు సుమారు 4.3 మీటర్లు. ఇండికేటర్ అద్దం 50 మి.మీ. అనుకుందాం. మోడల్లో ఇవి ఎంతవుతాయో చూడండి.

| స్కేలు | బండి పొడవు | హెడ్‌లైటు | ఇండికేటర్ | హెడ్‌లైటులో పట్టేది |
|---|---|---|---|---|
| 1:18 | 24 సెం.మీ. | 9.9 మి.మీ. | 2.8 మి.మీ. | 5 మి.మీ. ఎల్‌ఈడీ కూడా |
| 1:24 | 18 సెం.మీ. | 7.4 మి.మీ. | 2.1 మి.మీ. | 3 మి.మీ. ఎల్‌ఈడీ హాయిగా |
| 1:43 | 10 సెం.మీ. | 4.1 మి.మీ. | 1.2 మి.మీ. | చిప్ ఎల్‌ఈడీ, ఫైబర్ |
| 1:64 | 6.7 సెం.మీ. | 2.8 మి.మీ. | 0.8 మి.మీ. | అతి చిన్న చిప్, ఫైబర్ |

ఈ లెక్క మీ మోడల్‌కి మీరే వేసుకోవచ్చు. అసలు బండి కొలతని స్కేలు అంకెతో భాగిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: అద్దం వ్యాసం 7.4 మి.మీ. ఉన్నా, దాని వెనక లోతు ఎంతుందో ఎవరూ చెప్పరు. ఇంజన్ బ్లాకు, రేడియేటర్ ముక్క, ముందు ఇరుసు అన్నీ అక్కడికే వచ్చి కూర్చుంటాయి. అగ్గిపుల్లని వెనక నుంచి దూర్చి, ఎంత వరకు పోతుందో గోటితో గుర్తు పెట్టుకోండి.

రెండోది, మోడల్ విప్పడానికి వస్తుందా? ప్లాస్టిక్ కిట్ అయితే ముక్కలు ఇంకా మీ చేతిలోనే ఉంటాయి, ఇబ్బంది లేదు. 1:18, 1:24 డైకాస్ట్‌లకి (లోహపు పోత బాడీ ఉన్న మోడళ్లకి) చాలావరకు అడుగున స్క్రూలు ఉంటాయి. 1:64 బుల్లి కార్లకి రివెట్లు ఉంటాయి, వాటిని డ్రిల్ చేసి తీయాలి. ఒకసారి తీస్తే మళ్లీ మునుపటిలా ఉండవు.

మూడోది బ్యాటరీ. సీఆర్2032 బటన్ సెల్ 20 మి.మీ. వెడల్పు, 3.2 మి.మీ. మందం. 9 వోల్టుల చదరపు బ్యాటరీ దాదాపు 48 మి.మీ. పొడవు, 26 వెడల్పు, 17 మందం. 1:24 అంబాసిడర్‌లో సీట్లు, అడుగు పలక ఉంచుతూ ఈ రెండోదాన్ని పెట్టాలంటే డిక్కీ ఖాళీ చేయాలి. 1:43లో అసలు కుదరదు.

ఇక మిగిలినవి: సోల్డరింగ్ (వైర్లని టంకంతో అతకడం) మీకు వచ్చా, ఇంట్లో చిన్నపిల్లలు ఆ బండి పట్టుకుంటారా, పాడైతే మళ్లీ విప్పగలరా. ఈ మూడూ కింద ఎప్పటికప్పుడు వస్తాయి.

## నాలుగు దారులు

### బుల్లి ఫిలమెంట్ బల్బులు

గోధుమగింజ బల్బులని పేరు. రైలు మోడళ్ల వాళ్లు ఏళ్ల తరబడి వాడినవి ఇవే. అప్పట్లో వేరే దారి లేదు కూడా. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, తెల్ల వెలుతురు రావాలంటే నీలం ఎల్‌ఈడీ కావాలి. దానికి 1990లు రావాల్సి వచ్చింది. ఆ పనికే అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మన బొమ్మ కార్ల హెడ్‌లైట్ల వెనక ఒక నోబెల్ ఉందన్నమాట.

ఈ బల్బు గొప్ప రంగులో ఉంది. పాత అంబాసిడర్ హెడ్‌లైటు కూడా ఫిలమెంటే కాబట్టి ఆ పసుపు నిజంలా కనిపిస్తుంది. వెలిగేటప్పుడు, ఆరేటప్పుడు నెమ్మదిగా మారడం కూడా సహజంగా ఉంటుంది. ప్లస్, మైనస్ చూసుకోనక్కర్లేదు, రెసిస్టర్ (కరెంటుని తగ్గించే చిన్న భాగం) అక్కర్లేదు.

కష్టం వేడితో. మూసి ఉన్న హెడ్‌లైటు డొప్పలో పది నిమిషాలు వెలిగితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. ఒక్కో బల్బు 50 మిల్లీ ఆంపియర్ల చుట్టూ తీసుకుంటే, నాలుగు బల్బులకి 9 వోల్టుల బ్యాటరీ రెండు మూడు గంటలకే నీరసపడుతుంది. పైగా ఫిలమెంట్ ఏదో ఒకరోజు తెగుతుంది. అది తెగేది మీరు బానెట్ అంటించేశాకే.

వాడాలని మనసు లాగితే 12 వోల్టుల బల్బుని 9 వోల్టులకే నడపండి. వెలుతురు తగ్గుతుంది, పసుపు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది, ఆయుష్షు బాగా పెరుగుతుంది. లోహపు బాడీ ఉన్న 1:18కి పరవాలేదు. ప్లాస్టిక్ కిట్‌కి మాత్రం నేను వద్దనే అంటాను.

### 3 మి.మీ. ఎల్‌ఈడీ

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే గుప్పెడు ఇస్తారు. కాళ్లు గట్టిగా ఉంటాయి కాబట్టి సోల్డరింగ్ నేర్చుకోవడానికి కూడా ఇదే సులువు. పొడుగు కాలు ప్లస్.

గుండ్రటి తల అడ్డొస్తే సన్నటి గరుకు కాగితం మీద రుద్ది చదును చేయొచ్చు. అది గట్టి ఎపాక్సీయే, లోపలి తీగ దాకా పోకుండా చూసుకుంటే చాలు. రుద్దిన ముఖం మసకగా మారి వెలుతురు ఒకేచోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. నిజానికి ఇది లాభమే.

రంగు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మామూలుగా దొరికే కూల్ వైట్ 6000 కెల్విన్ పైన ఉంటుంది, నీలం ఛాయ కొడుతుంది. అంబాసిడర్‌కీ పాత లారీకీ అది పెడితే మొబైల్ టార్చ్ దాచినట్టుంటుంది. వార్మ్ వైట్ అడిగి తీసుకోండి. టెయిల్ లైట్లకి మాత్రం ఎరుపు ఎల్‌ఈడీనే పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీ మీద ఎర్ర రంగు పూస్తే గులాబీలోకి తిరుగుతుంది.

### వైరు అంటించి వచ్చే చిప్ ఎల్‌ఈడీలు

వీటిని కొలతల అంకెలతోనే పిలుస్తారు. 0805 అంటే 2.0 × 1.25 మి.మీ., 0603 అంటే 1.6 × 0.8, 0402 అంటే 1.0 × 0.5. 0603 ఒక ఆవగింజంత ఉంటుంది. 0402ని కింద పడేసుకుంటే వెతకడం దండగ, ఇంకోటి తీసుకోవడమే.

విడి చిప్ కొని మీరే వైరు అంటించడం 0805 వరకు సాధ్యం. అంతకంటే చిన్నవి వైరుతో సహా వచ్చేవే కొనండి. ఆ వైరు తలవెంట్రుకంత సన్నం, పైన ఎనామిల్ పూత ఉంటుంది. ఆ పూత గీకకుండా సోల్డర్ అంటదు. "ఎల్‌ఈడీ పాడైంది" అని పారేసినవాటిలో చాలావాటికి అసలు రోగం ఆ పూతే. బ్లేడుతో మెల్లగా గీకండి, లేదా వేడి సోల్డరింగ్ ఐరన్ కొన మీద టంకం చుక్కలో కొన్ని సెకన్లు ముంచి ఉంచండి. పూత కాలిపోయి, తీగ వెండిలా మెరుస్తుంది.

ఈ వైరుకి లాగడం పనికిరాదు. చిప్ దగ్గర చిన్న మెలిక ఉంచి, ఆ మెలికని గమ్‌తో బాడీకి అంటించండి. తర్వాత ఎక్కడ లాగినా ఒత్తిడి గమ్ మీద పడుతుంది, చిప్ మీద కాదు. కొన్నిటికి 12 వోల్టుల కోసం రెసిస్టర్ ముందే పెట్టి అమ్ముతారు. బటన్ సెల్‌కి పెడితే అవి వెలగవు, కొనేటప్పుడు అడగండి.

1:43కి, 1:24లో ఇండికేటర్లకి, డాష్‌బోర్డుకి నా ఓటు వీటికే.

### ఫైబర్ ఆప్టిక్ తీగలు

ఇక్కడ బల్బు బండి ముందు భాగంలో ఉండదు. అడుగునో డిక్కీలోనో ఒక ఎల్‌ఈడీ పెట్టి, దాని మూతి దగ్గర సన్నటి ప్లాస్టిక్ తీగలు కట్టగా కట్టి, ఒక్కో తీగని ఒక్కో లైటు దాకా తీసుకుపోతాం. 0.25, 0.5, 0.75, 1 మి.మీ. మందాల్లో దొరుకుతాయి. 0.5 మి.మీ. తీగ 1:64 ఇండికేటర్‌లోకి కూడా దూరుతుంది.

నాకు ఈ పద్ధతి మీద కొంచెం మోజు ఎక్కువే, ఒప్పుకుంటాను. అందులోనూ చివరని ఉబ్బించే పని. తీగ కొనని అగరుబత్తి నిప్పుకి దగ్గరగా తీసుకెళ్లండి, తగలనివ్వకండి. రెండు సెకన్లలో ఆ కొన కుంచించుకుని, గుండుసూది తలలా గుండ్రంగా ఉబ్బుతుంది. అదే మీ లెన్సు. రంధ్రంలోంచి వెనక కొనని దూర్చి లాగితే ఆ తల సరిగ్గా బాడీకి ఆనుకుని కూర్చుంటుంది. పైన పారదర్శక నారింజ రంగు చుక్క పెడితే ఇండికేటర్, ఎరుపు పెడితే టెయిల్ లైటు. మొదటి అయిదారు కొనలు వంకరగా వస్తాయి, నల్లబడతాయి. ఒక మీటరు తీగ దాని కోసమే పక్కన పెట్టుకోండి.

లోపాలూ ఉన్నాయి. మడత పెడితే ఆ మలుపులోంచే వెలుతురు కారిపోతుంది, కాబట్టి వంపు వెడల్పుగా ఉండాలి. చిన్న కారులో అది అన్నివేళలా కుదరదు. సూపర్ గ్లూ తగిలితే తీగ పెళుసై విరుగుతుంది, తెల్ల ఫెవికాల్ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. తీగని కత్తెరతో కత్తిరిస్తే కొన నలిగి వెలుతురు తగ్గుతుంది, కొత్త బ్లేడుతో ఒక్క దెబ్బకి కోయాలి. ఎంత బాగా చేసినా హెడ్‌లైటంత వెలుతురు రాదు. గుర్తు లైట్లకి, మీటర్లకి, లారీ నెత్తిన ఉండే చిన్న చిన్న రంగు దీపాలకి మాత్రం దీనికి సాటి లేదు.

ఒక్కచోట చూస్తే ఇలా:

| | ఫిలమెంట్ బల్బు | 3 మి.మీ. ఎల్‌ఈడీ | చిప్ ఎల్‌ఈడీ | ఫైబర్ |
|---|---|---|---|---|
| సరిపడే స్కేలు | 1:18 | 1:18, 1:24 | 1:24 నుంచి 1:64 | అన్నీ |
| వేడి | ఎక్కువ | దాదాపు లేదు | దాదాపు లేదు | లైటు దగ్గర సున్నా |
| వెలుతురు | మధ్యస్థం | కావలసినంత | కావలసినంత | తక్కువ |
| చేతి పని | సులువు | సులువు | ఓపిక కావాలి | ఓపిక, సాధన |
| పాడైతే | మార్చక తప్పదు | అరుదుగా పాడవుతుంది | వైరు తెగొచ్చు | ఎల్‌ఈడీ ఒక్కటే మార్చాలి |

చివరి వరసని తేలిగ్గా తీసుకోకండి. ఫైబర్‌లో ఎల్‌ఈడీ అడుగున ఉంటుంది కాబట్టి పైన అంటించినవేవీ కదపకుండా మార్చొచ్చు.

## కరెంటు ఎక్కడి నుంచి

బటన్ సెల్ చిన్నది, దాచడం తేలిక. 3 వోల్టులు, 220 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టూ సామర్థ్యం. నాలుగు ఎల్‌ఈడీలు, ఒక్కోటి 3 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే కాగితం మీద 18 గంటలు. నిజంలో అంత రాదు, ఆ సెల్ అంత కరెంటు ఇవ్వడానికి పుట్టింది కాదు. ఎవరైనా ఇంటికొచ్చినప్పుడు ఒక నిమిషం వేసి చూపించడానికైతే నెలలు వస్తుంది.

దీనితో ఒక తమాషా చిక్కుంది. తెల్లవి రెండు, ఎర్రవి రెండు నేరుగా ఒకే బటన్ సెల్‌కి కలపండి. ఎర్రవి వెలుగుతాయి, తెల్లవి వెలగవు. నేను మొదటిసారి తెల్లవి పోయాయనుకుని రెండుసార్లు మార్చాను. ఎరుపు ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి. ఎర్రది తనకి దొరికిన కరెంటంతా లాగేసుకుని సెల్ వోల్టేజీని కిందికి దించేస్తుంది, తెల్లదానికి అందదు. ఎర్రవాటికి ఒక్కోదానికి 470 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే అవి 2 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి, తెల్లవి లేచి వెలుగుతాయి.

రెసిస్టర్ లెక్క అందరికీ భయం గానీ, కూరగాయల లెక్కంత సులువు. సరఫరా వోల్టేజీలోంచి ఎల్‌ఈడీ వోల్టేజీ తీసేయండి, మిగిలినదాన్ని కరెంటుతో భాగించండి. 9 వోల్టుల బ్యాటరీ, 3 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ, 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే: 6ని 0.005తో భాగిస్తే 1200 ఓమ్‌లు. షాపులో 1.2 కిలో ఓమ్ అనండి. 5 వోల్టులకైతే 400 వస్తుంది, దగ్గరలో ఉన్న 470 వేయండి. 20 మిల్లీ ఆంపియర్లు పెట్టమని పాత పుస్తకాల్లో ఉంటుంది. మోడల్‌కి అంత వెలుతురు కళ్లు పొడుస్తుంది, రెండు నుంచి ఐదు చాలు. ఎల్‌ఈడీకి ఒక రెసిస్టర్ చొప్పున వేయండి, అన్నిటికీ కలిపి ఒకటి వేసి పొదుపు చేయకండి.

ట్రిపుల్ ఏ సెల్స్ రెండో మూడో పట్టే చోటుంటే బటన్ సెల్ కంటే అవే నయం. 1:24 కారు అడుగున పట్టించొచ్చు. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, చాలాసేపు వస్తాయి.

షోకేసులో పెట్టి సాయంత్రమంతా వెలిగించుకునేవాళ్లకి బండిలో బ్యాటరీయే వద్దు. చెక్క పీటలాంటి బేస్ చేసి, వైర్లని వెనక చక్రం పక్క నుంచి కిందికి దించి, 5 వోల్టుల మొబైల్ ఛార్జర్‌కి కలపండి. ఛార్జర్ బదులు పవర్ బ్యాంక్ పెడదామనుకుంటే ఆగండి. చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు తీసుకుంటే ఏమీ తగిలించలేదనుకుని కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. మీ వైరింగ్‌లో తప్పుందని రాత్రంతా టెన్షన్ పడతారు.

పిల్లలున్న ఇంటికి ఒక్క మాట. బటన్ సెల్‌ని చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల కాలిపోవచ్చు. పిల్లాడు ఆడుకునే బండి అయితే బటన్ సెల్ పెట్టొద్దు. పెట్టక తప్పదంటే స్క్రూతో బిగించే మూత ఉండాలి, నొక్కితే ఊడేది కాదు. మింగాడని అనుమానం వచ్చినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

## ఇండికేటర్ కొట్టుకోవాలంటే

తనంతట తానే ఆరి వెలిగే ఎల్‌ఈడీలు దొరుకుతాయి. చవక, సులువు. కానీ ఎడమది ఒక లయలో, కుడిది ఒక లయలో కొట్టుకుంటాయి. నిమిషం తిరిగేసరికి ఒకటి వెలిగినప్పుడు రెండోది ఆరిపోతుంటుంది. పార్కింగ్ లైట్లుగా నాలుగూ ఒకేసారి కొట్టుకోవాలంటే ఇది కుదరదు.

555 టైమర్ ఐసీ (ఒకే లయలో ఆన్, ఆఫ్ చేసే చిన్న చిప్) ఇంకా నాకు ఇష్టమైనదే. అసలు బండి ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. 1 కిలో ఓమ్, 47 కిలో ఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్ వేస్తే లెక్క ప్రకారం నిమిషానికి 91 వస్తుంది. అచ్చం బండిలా టిక్కు టిక్కు మంటుంది, శబ్దం ఒక్కటే లేదు. మామూలు 555కి కనీసం 4.5 వోల్టులు కావాలి, బటన్ సెల్‌తో నడవదు.

పోలీసు జీపు లైట్లు, అంబులెన్సు, బ్రేకు వేస్తే వెలిగే టెయిల్ లైటు కావాలనుకుంటే ఏటీటైనీ85 లాంటి బుల్లి మైక్రోకంట్రోలర్ వైపు వెళ్లాలి. ఎనిమిది కాళ్ల చిప్, ఒక గోరంత. ప్రోగ్రామ్ రాయడం వచ్చినవాళ్లకి ఇదే చవక దారి, ఎల్‌ఈడీని ఫిలమెంట్‌లా మెల్లగా వెలిగించడం కూడా దీనితో అవుతుంది. రానివాళ్లు దీని కోసమే నేర్చుకోవాలా అంటే, ఒక్క బండి కోసమైతే అవసరం లేదు.

## వెలుతురు కారిపోకుండా

నా తెల్ల అంబాసిడర్ బెడ్‌లైటుగా మారింది ఎల్‌ఈడీ తప్పు వల్ల కాదు. కిట్ ప్లాస్టిక్ ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, లేత రంగైతే వెలుతురు దాన్ని సులువుగా దాటేస్తుంది. బాడీ లోపలి వైపు ముందు నల్ల రంగు, అది ఆరాక దాని మీద వెండి రంగు వేయాలి. నలుపు వెలుతురుని ఆపుతుంది, వెండి దాన్ని ముందుకి తిప్పుతుంది. వరస మారిస్తే అంత ఫలితం రాదు. రంగు వేయడం కుదరని మూలల్లో అల్యూమినియం టేపు అంటించండి. సోల్డర్ అతుకులకి అది తగిలితే షార్ట్ అవుతుంది, అతుకుల మీద ముందే స్లీవ్ (కరెంటు పారని సన్నటి గొట్టం) తొడగాలి.

హెడ్‌లైటు డొప్పకి వెనక నుంచి రంధ్రం చేసి ఎల్‌ఈడీని అందులో కూర్చోబెట్టాక, చుట్టూ సందు మిగులుతుంది. ఆ సందే దొంగ. నల్ల రంగు కలిపిన ఫెవికాల్‌తో పూడ్చండి. సూపర్ గ్లూతో పూడిస్తే దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పడుతుంది. నేను ఒక లారీ మోడల్ హెడ్‌లైట్లు రెండూ అలా పోగొట్టుకున్నాను. కంటిశుక్లాలు వచ్చినట్టయ్యాయి.

## మీరెవరో దాన్నిబట్టి

ఇంకా విప్పని ప్లాస్టిక్ కిట్ చేతిలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 1:24 అయితే ముందు వార్మ్ వైట్ 3 మి.మీ., వెనక ఎరుపు 3 మి.మీ., ఇండికేటర్లకి 0603 చిప్, అడుగున ట్రిపుల్ ఏ సెల్స్ లేదా బేస్‌లోంచి 5 వోల్టులు. పెయింట్ వేయకముందే రంధ్రాలు చేసేయండి.

సోల్డరింగ్ అంటే భయపడేవాళ్లు వైరుతో వచ్చే 3 వోల్టుల చిప్ ఎల్‌ఈడీలు, స్విచ్ ఉన్న సెల్ హోల్డర్ తీసుకుని, గీకిన కొనలు మెలిపెట్టి స్లీవ్ తొడగండి. రెండు హెడ్‌లైట్ల వరకు ఇది నడుస్తుంది. అంతకు మించి కావాలంటే ఐరన్ పట్టుకోక తప్పదు.

సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ పలకతో) పల్లెవెలుగు బస్సులు చేసేవాళ్ల సంగతి వేరు. 1:24లో బస్సు దాదాపు 45 సెం.మీ. వస్తుంది, చోటుకి కొదవ లేదు. లోపలి లైట్లకి 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ని గుర్తులున్న చోట ముక్కలుగా కోసి పైకప్పుకి అంటించండి. 12 వోల్టుల అడాప్టర్‌కి పెడితే పెళ్లి బస్సులా ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీకి పెడితే మసకగా వెలుగుతుంది, రాత్రి చివరి ట్రిప్పు పల్లెవెలుగులో ఉండే వెలుతురు అదే. కాకపోతే బ్యాటరీ కొంచెం నీరసించగానే స్ట్రిప్ పూర్తిగా ఆరిపోతుంది, మూడు ఎల్‌ఈడీలు వరసగా ఉంటాయి కాబట్టి వాటికి 8, 9 వోల్టులైనా ఉండాలి. ఊరి పేరు బోర్డు వెనక ఒక చిప్ ఎల్‌ఈడీ పెట్టి, మధ్యలో ట్రేసింగ్ కాగితం అడ్డం పెట్టండి. వెలుతురు చుక్కలా కాకుండా బోర్డంతా పరుచుకుంటుంది.

డైకాస్ట్‌లు పెట్టెతో సహా దాచుకునే కలెక్టర్లకి నా సలహా: రంధ్రం చేయకండి. రివెట్ తీసిన 1:64 కారుని మళ్లీ అదే ధరకి ఎవరూ తీసుకోరు. లైటు మీద అంత కోరికుంటే గీతలు పడ్డ పాత కారుని చవకగా కొని దాని మీద చేయండి. షోకేసులో కొత్తదాని ముందు బేస్‌లో ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టి బండి మీదికి వెలుతురు వేసినా చాలా బాగుంటుంది.

రిమోట్ కార్ల వాళ్లు ఇవేవీ చూడనక్కర్లేదు. వాళ్ల బండిలో రిసీవర్ దగ్గర 5, 6 వోల్టులు ముందే ఉంటాయి, రెడీమేడ్ లైట్ల సెట్లు దానికే తగిలించుకునేలా వస్తాయి. అవి పగలు కూడా కనిపించేంత వెలుతురిస్తాయి. అదే సెట్ షోకేసు మోడల్‌కి పెడితే మాత్రం అతిగా ఉంటుంది.

ఏ దారి పట్టినా, పైకప్పు అంటించే ముందు ఒక రాత్రంతా లైట్లు వెలగనివ్వండి, ఛార్జర్ మీదే. పొద్దున్నే ఒకసారి బండిని చేతిలోకి తీసుకుని మెల్లగా వంచండి, తిప్పండి, అడుగున వేలితో తట్టండి. ఏదైనా ఒకటి మిణుకుమంటే ఆ అతుకు వదులుగా ఉన్నట్టు. దాన్ని మళ్లీ వేడిచేసి, ఇంకో రాత్రి వదిలి, ఆ తర్వాతే గమ్ సీసా మూత తీయండి.